అమెరికా పీజీ, పీహెచ్‌డీ చదువుల్లో మైనారిటీలకు ట్యూషన్ ఫీజు మాఫీ

అమెరికా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ తర్వాతి చదువులకు, అంటే ఎమ్మెస్, పీహెచ్‌డీ, న్యాయ, వైద్య కోర్సులకు వచ్చే నల్లజాతి, హిస్పానిక్, మూలవాసి విద్యార్థుల సంఖ్య పెంచాలని ఆ కోర్సుల ఫీజును పూర్తిగానో కొంతగానో వదులుకునే ఏర్పాటు ఇది. కొన్ని చోట్ల రాష్ట్ర చట్టంతో, కొన్ని చోట్ల దాతల నిధితో, ఎక్కువ చోట్ల విశ్వవిద్యాలయాల సొంత నిర్ణయంతో నడిచింది. 1970లలో ఊపందుకుని, 1990ల నుంచి కోర్టుల్లో దెబ్బలు తింటూ, 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా చోట్ల రూపం మార్చుకుంది.

ఇందులోని మాటలు తెలుగు పాఠకుణ్ని పక్కదారి పట్టించగలవు. ట్యూషన్ అంటే మనకు బడి వదిలాక మాస్టారింట్లో చెప్పించుకునే పాఠం; అక్కడ విశ్వవిద్యాలయం వసూలు చేసే బోధన రుసుము. గ్రాడ్యుయేట్ అంటే మనకు డిగ్రీ పూర్తిచేసినవాడు. అక్కడ గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అంటే డిగ్రీ దాటి చదువుతున్నవాడు. మైనారిటీ అనగానే మనకు ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు గుర్తొస్తారు; అక్కడ లెక్క మతంతో కాదు, జాతితో. ఆసియా సంతతివారు సంఖ్యలో తక్కువే అయినా ఈ పథకాల్లో చాలావాటికి అర్హులు కారు. విశ్వవిద్యాలయాల్లో, ముఖ్యంగా సైన్స్, ఇంజినీరింగ్ విభాగాల్లో, వారు జనాభాలో తమ వాటాకన్నా ఎక్కువగానే ఉన్నారన్నది కారణం. అందువల్ల అక్కడ పుట్టి పెరిగిన తెలుగువారి పిల్లలకు ఈ మాఫీ సాధారణంగా అందలేదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో విద్యార్థి వీసాపై వెళ్లినవారికి అసలే వర్తించదు. పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలని చాలా పథకాల నిబంధన.

మన పిల్లలు ఫోన్‌లో "వేవర్ వచ్చింది" అని ఇంటికి చెప్పేది వేరే సంగతి. అది టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో వారానికి ఇరవై గంటల దాకా పనిచేసినందుకు జీతంతోపాటు వచ్చే ఫీజు మినహాయింపు. అది పనికి ప్రతిఫలం. ఈ వ్యాసంలోని మాఫీ ఒకప్పుడు మూసి ఉంచిన తలుపును తెరవడానికి చేసిన ప్రయత్నం. రెండూ ఒకే ఖాతా పుస్తకంలో ఒకే పేరుతో కనిపించినా వచ్చిన దారులు వేరు.

బయటికి పంపడానికి కట్టిన ఫీజు

ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే భాగం మొదట్లోనే ఉంది. నల్లజాతి విద్యార్థుల పై చదువుకు దక్షిణాది రాష్ట్రాలు ప్రభుత్వ ఖజానా నుంచి ఫీజు కట్టడం మొదలుపెట్టింది వారిని చేర్చుకోవడానికి కాదు, చేర్చుకోకుండా ఉండటానికి. తమ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెల్లవారి పక్కన కూర్చోబెట్టడం ఇష్టం లేక, పొరుగు రాష్ట్రానికి వెళ్లి చదువుకోండి, ఫీజు మేమిస్తాం అన్నాయి.

మిస్సోరి 1921లోనే అలాంటి చట్టం చేసింది. మేరీల్యాండ్‌లో డొనాల్డ్ ముర్రే అనే యువకుడు రాష్ట్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో సీటు కోసం కోర్టుకెక్కాడు. ఆ ఏడాదే, 1935లో, రాష్ట్ర శాసనసభ 10,000 డాలర్లు కేటాయించి, తలకు 200 డాలర్ల చొప్పున బయటి రాష్ట్రాల్లో చదువుకోవడానికి ఇస్తామంది. ముర్రే తరఫున వాదించినవారు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, ఆయన శిష్యుడు తర్గూడ్ మార్షల్. ఇల్లు వదిలి దూరం వెళ్లి బతకడానికయ్యే ఖర్చు ఆ డబ్బుతో తీరదని, మేరీల్యాండ్‌లో వకీలుగా నిలబడదలచినవాడు మేరీల్యాండ్ చట్టాన్ని మేరీల్యాండ్‌లోనే చదువుకోవాలని వారి వాదన. 1936 జనవరిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముర్రే పక్షాన నిలిచింది.

వర్జీనియాలో ఆలిస్ జాక్సన్ 1935లో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీజీకి దరఖాస్తు పెట్టింది. ఆమెను చేర్చుకోలేదు సరికదా, మరుసటి ఏడాదే శాసనసభ డోవెల్ చట్టం తెచ్చి, అర్హులైన నల్లజాతి విద్యార్థులకు బయటి రాష్ట్రాల్లో చదువు ఖర్చు ఇవ్వాలని నిర్ణయించింది. జాక్సన్ ఆ డబ్బుతోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి 1937లో ఎంఏ పూర్తిచేసింది. ఆమెకు దొరికింది దేశంలోనే పేరున్న చదువు. కానీ ఆమె తండ్రి పన్నులు కట్టిన రాష్ట్రంలో, సొంతూరికి దగ్గరలో ఉన్న విశ్వవిద్యాలయంలో కాదు.

ఈ ఏర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది మిస్సోరి కేసులోనే. లాయిడ్ గెయిన్స్ 1935లో లింకన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ ముగించి మిస్సోరి న్యాయ కళాశాలకు దరఖాస్తు చేశాడు. కాన్సాస్, నెబ్రాస్కా, అయోవా, ఇల్లినాయి వంటి పొరుగు రాష్ట్రాలు నల్లవారిని చేర్చుకుంటున్నాయి కదా, వెళ్లు, ఫీజు మాది అన్నారు. 1938 డిసెంబరు 12న ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ రాసిన తీర్పు ఆ మాటను తోసిపుచ్చింది. సమాన రక్షణ అనే బాధ్యతను ఏ రాష్ట్రానికా రాష్ట్రం తన సరిహద్దుల్లోనే నెరవేర్చాలి, పక్క రాష్ట్రంలో ఫీజు కట్టినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు అన్నది తీర్పు సారం. గెయిన్స్ మాత్రం ఆ తీర్పు ఫలితం అనుభవించలేదు. 1939 మార్చిలో షికాగోలో ఒక రాత్రి బయటికి వెళ్లినవాడు మళ్లీ ఎవరికీ కనిపించలేదు. మిస్సోరి విశ్వవిద్యాలయం 2006లో ఆయనకు గౌరవ న్యాయ పట్టా ఇచ్చింది.

తీర్పు వచ్చినా రాష్ట్రాలు పద్ధతి మార్చుకోలేదు. కొన్ని హడావిడిగా నల్లవారికి వేరే న్యాయ కళాశాలలు తెరిచాయి. కొన్ని 1960ల దాకా బయటి రాష్ట్రాల ఫీజు ఇస్తూనే వచ్చాయి. 1948లో దక్షిణాది గవర్నర్లు ఒప్పందం చేసుకుని, నాష్‌విల్‌లోని మెహారీ వైద్య కళాశాలను ప్రాంతం మొత్తానికీ నల్లవారి కళాశాలగా నడపాలని చూశారు. పొరుగు రాష్ట్రానికి పంపే పాత పద్ధతే, పరిధి పెరిగిందంతే. ఆ ఒప్పందం నుంచి పుట్టినదే దక్షిణ ప్రాంతీయ విద్యా మండలి. 1950 జూన్ 5న టెక్సాస్ న్యాయ కళాశాల విషయంలో హెమన్ స్వెట్, ఓక్లహోమాలో డాక్టరేట్ తరగతిలో వేరుగా కూర్చోబెట్టిన జార్జ్ మెక్‌లారిన్ ఒకే రోజు సుప్రీంకోర్టులో గెలిచాక, పై చదువుల్లో తలుపు చట్టపరంగా తెరుచుకుంది.

రప్పించడానికి వదులుకున్న ఫీజు

తలుపు తెరిచినంత మాత్రాన జనం రారు. 1964 పౌర హక్కుల చట్టం కేంద్ర నిధులు తీసుకునే సంస్థల్లో వివక్షను నిషేధించింది. దాన్ని అమలు చేయడంలేదని వేసిన ఆడమ్స్ కేసులో 1973లో ఫెడరల్ కోర్టులు ప్రభుత్వాన్ని కదిలించాక, దక్షిణాది రాష్ట్రాలు వేర్పాటును తొలగించే ప్రణాళికలు రాసి పంపవలసి వచ్చింది. పీజీ, వృత్తి కోర్సుల్లో నల్లజాతి విద్యార్థులకు ఫీజు సాయం ఆ ప్రణాళికల్లో ఒక భాగమైంది. ఎవరిని బయటికి పంపడానికి డబ్బు ఖర్చుపెట్టారో వారినే లోపలికి రప్పించడానికి ఖర్చుపెట్టడం మొదలైంది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. నల్లవారి కోసం నెలకొన్న విశ్వవిద్యాలయాల్లో తెల్లవారే మైనారిటీ. అలబామాలో సుదీర్ఘంగా సాగిన దావాలో 1995లో ఫెడరల్ న్యాయమూర్తి ఇచ్చిన ఆదేశంతో మాంట్‌గోమరీలోని అలబామా స్టేట్ విశ్వవిద్యాలయం తెల్లజాతి విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇచ్చింది. మైనారిటీ అనే మాట ఆవరణను బట్టి అర్థం మారుతుందని చూపే ఉదాహరణ అది.

దీర్ఘకాలం నిలిచిన పథకాల్లో మొదట చెప్పుకోవలసినది జెమ్. 1976లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా, ఇంజినీరింగ్ పీజీలో మైనారిటీల కోసం ఏర్పడిన కూటమి ఇది. దాని లెక్క తెలివైనది: ట్యూషన్, ఇతర ఫీజుల భారం విశ్వవిద్యాలయానిది, స్టైపెండ్, వేసవిలో ఉద్యోగ శిక్షణ కంపెనీలవి. విశ్వవిద్యాలయానికి చేతి నుంచి డబ్బు పోదు, కంపెనీకి తన పని తెలిసిన ఇంజినీరు దొరుకుతాడు, విద్యార్థి అప్పు లేకుండా బయటపడతాడు. తర్వాత పీహెచ్‌డీలకు, సైన్స్ విభాగాలకు కూడా విస్తరించింది.

ఫ్లోరిడాలో 1984లో మినియాపొలిస్‌కు చెందిన మెక్‌నైట్ ఫౌండేషన్ కోటి డాలర్లు ఇవ్వగా, రాష్ట్రం 50 లక్షలు జోడించింది. అలా పుట్టిన ఫ్లోరిడా ఎడ్యుకేషన్ ఫండ్ డాక్టరేట్ విద్యార్థులకు మూడేళ్లపాటు ఏడాదికి 5,000 డాలర్ల దాకా ట్యూషన్, 12,000 డాలర్ల స్టైపెండ్ ఇచ్చే పద్ధతి పెట్టింది. తర్వాతి రెండేళ్లు విశ్వవిద్యాలయం భరించాలి. నాకు ఈ పథకంలో నచ్చినది డబ్బు కాదు. ఫెలోలందరినీ ఏటా ఒకచోట కూర్చోబెట్టి, థీసిస్ ఎంతవరకు వచ్చిందో అడిగే అలవాటు. తన విభాగంలో తానొక్కడే నల్లవాడైన విద్యార్థికి ఆ రెండు మూడు రోజులు ఎంత ఊరటో ఊహించవచ్చు.

ఇల్లినాయి 1985లో చట్టం ద్వారా మైనారిటీల పై చదువుకు సాయపడే ఒక కన్సార్టియం ఏర్పరచింది. 2004లో దాన్ని మరో పథకంతో కలిపి కొత్త పేరు పెట్టారు. అధ్యాపకుల్లో వైవిధ్యం పెంచడం లక్ష్యం కనుక, సాయం అందుకున్నవారు చదువయ్యాక రాష్ట్రంలోని ఉన్నత విద్యాసంస్థలోనో ప్రభుత్వ సంస్థలోనో ఉద్యోగం చేయడానికి ఒప్పుకోవాలి. 1948లో వేర్పాటును కాపాడే ప్రయత్నంలోంచి పుట్టిన ఆ దక్షిణ ప్రాంతీయ విద్యా మండలే 1993లో మైనారిటీ పీహెచ్‌డీలకు డాక్టోరల్ స్కాలర్స్ పథకం మొదలుపెట్టింది. సంస్థలూ మారగలవు.

ఫీజు మాఫీకి ముందు ఇంకో చిన్న మాఫీ ఉంది: దరఖాస్తు రుసుము. ఎనిమిది, పది విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాలంటే ఆ రుసుములే పేదింటికి బరువవుతాయి. చాలెంజర్ ప్రమాదంలో మరణించిన నల్లజాతి వ్యోమగామి రోనాల్డ్ మెక్‌నెయిర్ పేరుతో 1986లో అమెరికా కాంగ్రెస్ ఏర్పరచిన మెక్‌నెయిర్ పథకం విద్యార్థులను డిగ్రీలోనే పరిశోధనకు తయారుచేస్తుంది. వారికి చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు దరఖాస్తు రుసుము వదిలేస్తాయి.

మూలవాసుల దారి

మూలవాసి అమెరికన్ల మాఫీని మిగతావాటితో కలిపి చూడకూడదు. దానికి మూలం దయ కాదు, వైవిధ్యం కూడా కాదు, భూమి, ఒప్పందాలు. మిషిగన్ 1976లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో కనీసం 12 నెలలు నివసించి, గుర్తింపు పొందిన తెగలో సభ్యత్వం, పావు వంతు మూలవాసి రక్తం ఉన్నవారికి ప్రభుత్వ కళాశాలల్లో ట్యూషన్ ఉండదు. పీజీకి కూడా ఇది వర్తిస్తుంది. మోంటానాలో ఇలాంటి మాఫీ 1930లలోనే మొదలైంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2022లో, కేంద్రం గుర్తించిన తెగలకు చెందిన రాష్ట్రవాసులకు డిగ్రీతోపాటు పీజీలోనూ ట్యూషన్ వదులుకుంది.

జాతి ప్రాతిపదికన ప్రవేశాలను 1996లోనే నిషేధించిన కాలిఫోర్నియాలో ఇది ఎలా సాధ్యమైంది? తెగ సభ్యత్వం జాతి గుర్తింపు కాదు, రాజకీయ గుర్తింపు అని 1974లో మోర్టన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెగ అంటే ప్రభుత్వంతో ప్రభుత్వానికున్న సంబంధం. ఇతర మైనారిటీల పథకాలు కూలినా ఇవి నిలబడటానికి ఆధారం అదే.

ఖర్చు ఎవరి ఖాతాలో

మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో విస్తరించిన ఆ పథకంలో ఫీజును ప్రభుత్వం కళాశాలకు చెల్లించాలి. బకాయిలు పెరిగితే విద్యార్థి సర్టిఫికెట్లు ఆగిపోవడం రెండు రాష్ట్రాల్లోనూ చూస్తున్నదే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77తో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులను ఆ పథకం నుంచి తప్పించింది. అమెరికా మాఫీలో చాలా వరకు డబ్బు చేతులు మారదు. విశ్వవిద్యాలయం రావలసినది వదులుకుంటుంది. కాబట్టి బకాయి బాధ లేదు. కానీ వదులుకోవడానికి హద్దు ఉంది, రాష్ట్ర శాసనసభలూ విశ్వవిద్యాలయ బోర్డులూ ఆ హద్దును గమనిస్తూనే ఉంటాయి.

మాఫీ అన్నంత మాత్రాన అంతా మాఫీ కాదు. చాలా చోట్ల ట్యూషన్ పోయినా ఆరోగ్య బీమా, ల్యాబ్, విద్యార్థి సేవల పేరిట రుసుములు మిగులుతాయి. కొన్ని పథకాలు బయటి రాష్ట్రంవారికి వేసే అదనపు ట్యూషన్‌ను మాత్రమే వదులుతాయి. ఇంటద్దె, తిండి ఖర్చు వేరే.

డిగ్రీని బట్టి మాఫీ విలువ మారుతుంది. సైన్స్ పీహెచ్‌డీల్లో సీటు వచ్చినవారికి దాదాపు అందరికీ అసిస్టెంట్‌షిప్‌తో ట్యూషన్ ఎటూ ఉండదు. అక్కడ మైనారిటీ మాఫీ చేసే పని వేరు. రీసెర్చ్ అసిస్టెంట్ ట్యూషన్ తరచు ప్రొఫెసర్ పరిశోధన నిధిలోంచే పోతుంది. తన ఫీజు తానే తెచ్చుకున్న విద్యార్థి అంటే విభాగానికి ఖర్చు తక్కువ, చేర్చుకోవడానికి ఉత్సాహం ఎక్కువ. దీనికో చీకటి కోణం ఉంది. ఫెలోషిప్పుపై ఉన్నవాడికి పాఠం చెప్పే పని, ల్యాబ్‌లో బాధ్యత అప్పగించకపోతే, సహాధ్యాయులతో కలిసి నేర్చుకునే రోజువారీ జీవితం దూరమవుతుంది. సిఫార్సు లేఖ రాయగల ప్రొఫెసర్ పరిచయమూ ఉండదు. డబ్బిచ్చి ఒంటరిని చేసినట్టవుతుంది. మాస్టర్స్, న్యాయ, వైద్య కోర్సుల్లో మాత్రం ట్యూషన్ మోయలేని బరువు, అందుకే మాఫీ విలువ అక్కడ నేరుగా కనిపిస్తుంది.

పన్ను సంగతి కూడా ఒకసారి పెద్ద వివాదమైంది. పనిచేసే పీజీ విద్యార్థులకు వచ్చే ట్యూషన్ మినహాయింపుపై ఆదాయపు పన్ను లేదు. 2017లో ప్రతినిధుల సభ ఆమోదించిన పన్ను బిల్లు ఆ మినహాయింపును తీసేసి, చేతికి రాని డబ్బుపై పన్ను వేయాలంది. దేశమంతటా విద్యార్థులు తరగతులు వదిలి బయటికొచ్చారు. చివరి చట్టంలో ఆ నిబంధన లేదు.

కోర్టుల్లో

ప్రవేశాలపై 1978లో బాకీ అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కోటాలను కొట్టేసి, వైవిధ్యం కోసం జాతిని పరిగణించవచ్చంది. ఫీజు సాయం గురించి స్పష్టంగా చెప్పలేదు. ఆ సందిగ్ధం 1990 డిసెంబరులో బయటపడింది. అరిజోనా ఓటర్లు మార్టిన్ లూథర్ కింగ్ సెలవును తిరస్కరించడంతో వచ్చిన అపఖ్యాతిని తగ్గించుకోవడానికి, అక్కడి ఫియెస్టా బౌల్ ఫుట్‌బాల్ పోటీ నిర్వాహకులు ఆడబోయే రెండు విశ్వవిద్యాలయాల మైనారిటీ స్కాలర్‌షిప్పులకు లక్ష డాలర్ల చొప్పున ఇస్తామన్నారు. అది చట్టవిరుద్ధమని కేంద్ర విద్యాశాఖలోని పౌర హక్కుల అధికారి మైఖేల్ విలియమ్స్ ప్రకటించాడు. ఆయనా నల్లజాతివాడే. గగ్గోలు రేగి, కొద్ది రోజుల్లోనే శ్వేతసౌధం వెనక్కి తగ్గింది. గత వివక్షను సరిదిద్దడానికీ వైవిధ్యానికీ పరిమితంగా ఇలాంటి సాయం చేయవచ్చని 1994లో విద్యాశాఖ మార్గదర్శకాలు వచ్చాయి.

అదే ఏడాది మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం నల్లజాతి డిగ్రీ విద్యార్థులకిచ్చే బెన్నెకర్ స్కాలర్‌షిప్పును అప్పీలు కోర్టు కొట్టేసింది. పీజీకి నేరుగా తగిలిన దెబ్బ సదరన్ ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో. మైనారిటీలకు, మహిళలకు పరిమితం చేసిన గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పులపై దావా వేస్తామని న్యాయశాఖ 2005లో హెచ్చరించింది. 2006 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం రాజీకొచ్చి ఆ షరతులు తీసేసింది. అది చూసి మరెన్నో విశ్వవిద్యాలయాలు కోర్టు గడప ఎక్కకుండానే నిబంధనలు మార్చుకున్నాయి.

జాతి పరిగణనను నిషేధిస్తే ఏమవుతుందన్నదానికి ఒక లెక్క ఉంది. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఫ్లోరిడాల్లో నిషేధం ప్రభావాన్ని పరిశీలించి పరిశోధకురాలు లిలియానా గార్సెస్ చేసిన అధ్యయనాల ప్రకారం పీజీలో తక్కువగా ఉన్న జాతుల విద్యార్థుల వాటా సగటున 12 శాతం, ఇంజినీరింగ్‌లో 26 శాతం పడిపోయింది.

2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో జాతి పరిగణన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది ప్రవేశాల గురించే అయినా, అదే రోజు మిస్సోరి అటార్నీ జనరల్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు స్కాలర్‌షిప్పుల్లోనూ జాతి ప్రమాణాలు మానాలని లేఖ రాశాడు. మిస్సోరి విశ్వవిద్యాలయం అదే రోజు ఒప్పుకుంది. గెయిన్స్‌కు సీటు ఇవ్వనిది ఆ విశ్వవిద్యాలయమే. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ ఆ తీర్పును ఆర్థిక సాయానికీ వర్తింపజేస్తూ లేఖ పంపగా, ఆగస్టులో మేరీల్యాండ్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు.

ఇప్పుడు

కొనసాగుతున్న పథకాల్లో చాలావాటి దరఖాస్తులో జాతి అడిగే గడి లేదు. కుటుంబంలో మొదటిసారి కళాశాలకు వచ్చినవారా, ఆదాయమెంత, ఏ ప్రాంతం, ఏ కష్టాలు దాటి వచ్చారు అని అడుగుతున్నారు. ఇది న్యాయమే, పేద తెల్లవారికీ దారి తెరుస్తుంది. కానీ ఆదాయం జాతికి బదులు కాలేదు. ఒకే ఆదాయమున్న రెండు ఇళ్లలో తరతరాలుగా కూడిన ఆస్తి ఒకటి కాదు. పీజీ అంటే మరో రెండు నుంచి ఆరేళ్లు సంపాదన లేకుండా ఉండటం కాబట్టి, ఆ తేడా ఇక్కడే ఎక్కువ తగులుతుంది.

మరో దారి అందరికీ మాఫీ. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 2018లోనూ, బ్రాంక్స్‌లోని ఐన్‌స్టీన్ వైద్య కళాశాల రూత్ గాటెస్‌మన్ ఇచ్చిన వంద కోట్ల డాలర్లతో 2024లోనూ ట్యూషన్ తీసేశాయి. అందరికీ ఉచితమనగానే దరఖాస్తులు వెల్లువెత్తుతాయి, పోటీ పెరుగుతుంది, మార్కులు ఎక్కువున్న సంపన్నుల పిల్లలు ముందుకొస్తారు. ప్రవేశాల పద్ధతి మారకుండా ఫీజు ఒక్కటే తీసేస్తే ఉద్దేశించినవారికి చేరుతుందన్న హామీ లేదు.

ఇంతలో అప్పు దారి ఇరుకవుతోంది. పీజీ విద్యార్థులు చదువు ఖర్చంతా అప్పు తీసుకునే వీలు 2006 నుంచి కల్పించిన గ్రాడ్ ప్లస్ రుణాలను 2025 చట్టం రద్దుచేసింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరే పీజీ విద్యార్థి కేంద్రం నుంచి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష దాకా మాత్రమే తీసుకోగలడు. న్యాయ, వైద్య వంటి వృత్తి కోర్సుల్లో ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. ఆపైన కావాలంటే ప్రైవేటు రుణమే. దానికి హామీ సంతకం పెట్టగల తల్లిదండ్రులు ఎందరికి ఉన్నారన్న చోట పాత తేడా మళ్లీ ఎదురవుతుంది.